శిలాఫలకం పడని ఖర్చు

ప్రశ్న: నేను 1979లో మా పట్టణంలోని ప్రభుత్వ ఐటీఐలో టర్నర్ ట్రేడ్ (లేత్ మెషిన్ మీద ఇనుము చెక్కే పని) చేశాను. ఆ సర్టిఫికెట్‌తోనే ఫ్యాక్టరీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు మా మనవడు అదే ఐటీఐలో వెల్డర్ ట్రేడ్‌లో చేరాడు. మొన్న వాణ్ని దింపడానికి వెళ్లి వర్క్‌షాప్ చూశాను. పిల్లలు 20 మంది. వెల్డింగ్ మెషిన్లు 4, పనిచేసేవి 2. రాడ్లు దసరాకే అయిపోయాయట. మొహానికి అడ్డం పెట్టుకునే షీల్డులు రెండే ఉన్నాయి. రెగ్యులర్ ఏటీవో, అంటే పని నేర్పే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్ లేరు, గెస్ట్ ఫ్యాకల్టీ ఒకతను ఉన్నాడు. పాత విద్యార్థులం పదిహేను మంది కలిసి చందా వేసుకుని సామాన్లు కొనిద్దామనుకున్నాం. మా అల్లుడేమో, "ప్రైవేట్ ఐటీఐలు బోలెడున్నాయి, కంపెనీలు వాళ్లకి కావలసినవాళ్లకి వాళ్లే నేర్పుకుంటాయి, దీనికి గవర్నమెంటు డబ్బెందుకు మావయ్యా?" అంటున్నాడు. నాకు జవాబు తోచలేదు. మేం చందా వేసుకోవాలా, ప్రభుత్వాన్ని అడగాలా? అడిగితే ఎవరిని, ఎలా?
- ఒక రిటైర్డ్ టర్నర్, అనకాపల్లి జిల్లా

సమాధానం: టర్నర్ గారూ, నేనూ ఏటీవోగా మొదలుపెట్టి ముప్పై ఏళ్లు ఐటీఐల్లోనే గడిపినవాణ్ని. మీరు చూసిన వర్క్‌షాప్ ఎలా ఉంటుందో నాకు వాసనతో సహా తెలుసు. ముందు మీ అల్లుడి ప్రశ్న తేల్చేద్దాం. రేపు మీరు ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు ఎదురయ్యేది కూడా అదే ప్రశ్న.

కంపెనీలు నేర్పుకుంటాయన్న మాట సగం నిజం. పెద్ద ఫ్యాక్టరీ నేర్పుకోగలదు. చిన్న షెడ్డు నేర్పదు. విశాఖ ఆటోనగర్‌లో ఒక షెడ్డు యజమానిని, కుర్రాళ్లను పెట్టుకుని పని నేర్పొచ్చు కదా అని అడిగాను ఒకసారి. "ఆరు నెలలు నా రాడ్లు కాల్చి నేర్చుకుంటాడు సార్. చెయ్యి కుదిరాక పక్క షెడ్డువాడు వెయ్యి ఎక్కువిస్తానంటే వెళ్లిపోతాడు. నేను నారు పోసి వాడికి అప్పగించడమే కదా?" అన్నాడు. అందులో తప్పేం లేదు. పక్క షెడ్డువాడూ అదే ఆలోచిస్తాడు. అలా అందరూ నేర్చుకొచ్చినవాడి కోసమే చూస్తే, నేర్పేవాడు ఎవడూ మిగలడు. ఆ నారుమడి ఖర్చు ఊరందరి తరఫునా ఎవరో ఒకరు పెట్టాలి. ఆ ఎవరో ఒకరే ప్రభుత్వం.

ఇక ప్రైవేట్ ఐటీఐలు. మీ అల్లుడు చెప్పినట్టు నిజంగానే బోలెడున్నాయి. దేశంలో దాదాపు 15 వేల ఐటీఐలు ఉంటే, ప్రభుత్వానివి నాలుగో వంతు కూడా లేవు. కానీ ప్రైవేటులో ఏ ట్రేడులు ఎక్కువో చూడమనండి: ఎలక్ట్రీషియన్, ఫిట్టర్. పిల్లలు అవే అడుగుతారు, సందేహం లేదు. ఖర్చు సంగతి కూడా ఉంది. ఎలక్ట్రీషియన్ పిల్లవాడు బోర్డు మీద వైరింగ్ చేశాక విప్పేసి, అదే వైరును తర్వాతివాడికి ఇవ్వొచ్చు. కాలిన రాడ్ మళ్లీ రాడ్ కాదు. టర్నర్ చెక్కి పారేసిన ఇనుము మళ్లీ షాఫ్ట్ కాదు, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఫీజు మీద నడిచే సంస్థకు ఇలాంటి ట్రేడు భారం. తప్పు పట్టను. కానీ అచ్యుతాపురం సెజ్‌కీ పరవాడ ఫార్మా సిటీకీ వెల్డర్లు కావాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ పైపుకు టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాసు వాడి చేసే సన్నపు వెల్డింగ్) చేసే చెయ్యి కావాలి. పేదింటి పిల్లాడికి ఆ పని ఎక్కడ నేర్పుతారు? డబ్బు కట్టించుకుని నేర్పే ప్రైవేట్ సెంటర్లు విశాఖ, శ్రీకాకుళం వైపు ఉన్నాయి. గల్ఫ్ వెళ్లడానికి అప్పు చేసి మరీ వాటిల్లో చేరుతున్నారు. ఐటీఐలో ఏడాదంతా రాడ్లుంటే ఆ అప్పులో చాలా భాగం అక్కర్లేదు.

"ఈ రోజుల్లో ఐటీఐ ఎవరు చదువుతారు" అని కూడా అంటాడేమో మీ అల్లుడు. బీటెక్ చేసి ఖాళీగా ఉన్న అబ్బాయి ఉన్న ఇంట్లో కూడా ఈ మాట వినిపిస్తుంది మనకి. దాన్ని అక్కడే వదిలేద్దాం.

ఇక అసలు విషయానికొస్తాను. ఐటీఐకి అయ్యే ఖర్చు మూడు రకాలు. ఒకటి, బిల్డింగులు, మెషిన్లు. రెండు, నేర్పే మనిషి జీతం. మూడు, రాడ్లు, ఇనుము, గ్యాసు, ఆకురాళ్లు, కరెంటు బిల్లు. మొదటి రకానికి డబ్బిచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఎందుకంటే దానికి రిబ్బన్ కట్ చేయొచ్చు, శిలాఫలకం వేయొచ్చు, ఫొటో దిగొచ్చు. వెల్డింగ్ రాడ్ల ప్యాకెట్ మీద ఎవరి పేరూ వేయలేం. ఐటీఐలు చతికిలబడుతున్నది మెషిన్ల దగ్గరే కాదు, ఈ రెండో రకం, మూడో రకం ఖర్చుల దగ్గర. కాబట్టి మీ అర్జీలో "మా ఐటీఐని అభివృద్ధి చేయాలి" అని రాయకండి. అలా రాస్తే ఎప్పుడో ఒకనాడు కొత్త మెషిన్ వస్తుంది, పక్కనే పాత మెషిన్‌లాగే రాడ్లు లేక అదీ నిలబడుతుంది. నా సర్వీసులో అలా ప్లాస్టిక్ కవరు కూడా విప్పని మెషిన్లు చూశాను.

ఎవరి జేబులోంచి ఏం వస్తుందో తెలిస్తే అర్జీ సగం రాసినట్టే. ఐటీఐల పథకం కేంద్రం 1950లో మొదలుపెట్టింది. 1956లో రోజువారీ నిర్వహణను రాష్ట్రాలకు అప్పగించింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. ఇప్పటి పద్ధతేమిటంటే, సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్, అఫిలియేషన్ కేంద్రం చూస్తుంది, మీ మనవడికి పాఠం చెప్పే మనిషి జీతం, రాడ్ల ఖర్చు రాష్ట్రం చూస్తుంది. కేంద్రం అప్పుడప్పుడు పెద్ద మొత్తంతో పథకాలు తెస్తుంది. 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గం 1,000 ప్రభుత్వ ఐటీఐలను బాగుచేయడానికి 60 వేల కోట్ల పథకం ఆమోదించింది. అందులో కేంద్రానిది 30 వేల కోట్లు, రాష్ట్రాలది 20 వేల కోట్లు, పరిశ్రమలది 10 వేల కోట్లు. దాన్నే ఆ అక్టోబరులో పీఎం సేతు పేరుతో ప్రారంభించారు. 200 ఐటీఐలు హబ్‌లు, వాటి చుట్టూ 800 ఐటీఐలు. మీది ఆ జాబితాలోకి వస్తుందో రాదో మీ ప్రిన్సిపాల్‌ను అడగండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. మొత్తం ఖర్చు సుమారు 2,324 కోట్లు, అందులో ఎక్కువ భాగం కంపెనీదే. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు), రోబోటిక్స్ నేర్పుతారు. మంచి పనే. కాకపోతే ఒప్పందం 10 ఏళ్లకు. పదకొండో ఏడు ఆ మెషిన్ల మెయింటెనెన్స్, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, నేర్పేవాళ్ల జీతాలు రాష్ట్ర బడ్జెట్‌లో ఏ పద్దు కింద వస్తాయో ఇప్పుడే అడగాలి. నేనైతే అడుగుతాను.

ఎంపీ గారి నిధులు ఏడాదికి 5 కోట్లు. వాటితో షెడ్డు కట్టించొచ్చు, మెషిన్ కొనిపించొచ్చు. జీతాలకు, ఏటా అయ్యే ఖర్చులకు వాడడానికి నిబంధనలు ఒప్పుకోవు. కంపెనీల సీఎస్ఆర్ సొమ్ము, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టాల్సిన సగటు లాభంలో 2 శాతం, వృత్తి నైపుణ్యాలకు కూడా పెట్టొచ్చని 2013 కంపెనీల చట్టమే చెబుతోంది. కానీ కంపెనీ ఈ ఏడాది ఇచ్చి వచ్చే ఏడాది ఊరుకోవచ్చు. ఏటీవో పోస్టు భర్తీ, ఏటా రాడ్లు, ఈ రెండూ నిలకడగా ఇవ్వగలిగేది రాష్ట్ర బడ్జెట్ ఒక్కటే. మీరు వెళ్లాల్సిన తలుపు అదే.

అయితే దానికి ముందు ఒక పాత పెట్టె తెరిచి చూడండి. 2007-08లో మొదలైన ఒక పథకం కింద కేంద్రం 12 వందలకు పైగా ప్రభుత్వ ఐటీఐలకు ఒక్కోదానికి 2.5 కోట్ల రూపాయలు వడ్డీలేని అప్పుగా ఇచ్చింది. డబ్బు నేరుగా ఇన్‌స్టిట్యూట్ మేనేజ్‌మెంట్ కమిటీకి వెళ్లింది, అందరూ ఐఎంసీ అంటారు. దానికి ఛైర్మన్ ఒక పరిశ్రమ మనిషి, ప్రిన్సిపాల్ సెక్రటరీ. ఆ డబ్బులో కొంత బ్యాంకులో సీడ్ మనీగా దాచుకునే వీలు కూడా ఇచ్చారు. మీ ఐటీఐ ఆ జాబితాలో ఉందా, ఐఎంసీ చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, ఖాతాలో ఏమైనా మిగిలిందా? ఈ మూడు ప్రశ్నలకూ మీ ప్రిన్సిపాల్ దగ్గర జవాబుంటుంది. కొన్నిచోట్ల కమిటీ పేరుకే ఉంటుంది.

ప్రిన్సిపాల్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆయనతో గొడవ పెట్టుకోవద్దు. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఎవరో విరిగిన లేత్ మెషిన్ ఫొటో తీసి పేపర్‌కిచ్చారు. మర్నాడే ప్రిన్సిపాల్‌కు మెమో వచ్చింది. వారం తిరక్కుండా లేత్‌కు ఆకుపచ్చ రంగు వేశారు. విరిగిన గేరు మాత్రం విరిగినట్టే ఉంది. ప్రిన్సిపాల్ ఏటా ఇండెంట్, అంటే కావలసిన సామాన్ల జాబితా, పంపుతూనే ఉంటాడు. అది డైరెక్టరేట్‌లో కొంత కోతపడి, ఆర్థిక శాఖలో ఇంకొంత కోతపడి వస్తుంది. ఉద్యోగి కాబట్టి నోరు విప్పి అడగలేడు. మీరు అడగగలరు. ఈ ఏడాది ఇండెంట్ నంబరు, తేదీ ఆయన్ని అడిగి మీ అర్జీలో రాయండి. అర్జీ కాపీని ఆయన చేత ఫార్వర్డ్ చేయించండి. కింది ఆఫీసు ఇప్పటికే అడిగిందనీ, ఊళ్లోవాళ్లూ అదే అడుగుతున్నారనీ ఫైలు మీద కనబడితే, పైనున్నవాళ్లకు "మా దృష్టికి రాలేదు" అనే వీలుండదు.

తర్వాత లెక్క. ప్రతి ట్రేడుకూ డీజీటీ (కేంద్రంలో శిక్షణ చూసే డైరెక్టరేట్ జనరల్) సిలబస్ పుస్తకం ఉంటుంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ మనవడికి ఫోన్ ఇస్తే ఐదు నిమిషాల్లో తీస్తాడు. దాని చివర్లో ఆ ట్రేడుకు ఏ పనిముట్లు, ఏ మెషిన్లు, ఎన్నెన్ని ఉండాలో జాబితా ఉంటుంది. ఆ జాబితా పక్కన ఇంకో గడి గీసి, ఉన్నవి ఎన్నో, అందులో పనిచేసేవి ఎన్నో రాయండి. మీరు టర్నర్, మీ కన్నా బాగా ఇది ఎవరూ చేయలేరు. రాడ్ల లెక్క నేను చెబుతాను. నా అనుభవంలో కొత్త కుర్రాడు రోజుకు పది రాడ్లయినా కాల్చకపోతే చెయ్యి కుదరదు. 20 మంది, నెలకు 20 పని దినాలు, అంటే నెలకు 4,000 రాడ్లు. వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు. పరీక్షలూ సెలవులూ తీసేసి పది నెలలే వేసుకున్నా 40 వేల రాడ్లు. మీ ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో కొటేషన్ తీసుకుని గుణించండి. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేట్లు, గ్యాసు కలపండి. చివరికి వచ్చే మొత్తం చూసి మీకే ఆశ్చర్యమేస్తుంది, ఇంత చిన్నదా అని. ఆ చిన్న మొత్తం లేకపోవడం వల్లే అక్కడ 20 మంది ఏడాది కాలం వృథా అవుతోందని ఒక్క వాక్యంలో రాయండి.

ఇంకో పక్క సమాచార హక్కు దరఖాస్తు వేయండి. డైరెక్టరేట్‌కైతే ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అడగాల్సింది ఇది: గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మా ఐటీఐకి ముడిసరుకు కింద కేటాయించింది ఎంత, రిలీజ్ చేసింది ఎంత, ఖర్చయింది ఎంత, మంజూరైన ఏటీవో పోస్టులెన్ని, ఖాళీలెన్ని. ఈ కేటాయింపు, రిలీజ్ అన్న మాటలు విడివిడిగా రాయడం మరిచిపోవద్దు. బడ్జెట్ పుస్తకంలో అంకె ఉంటుంది, రిలీజ్ ఆర్డర్ మార్చి నెలాఖరుకు గానీ రాదు, అప్పటికి బిల్లు పెట్టే టైముండదు, డబ్బు వెనక్కి పోతుంది. మా శాఖలో "బడ్జెట్ ఉంది, రిలీజ్ లేదు" అనే మాట గుడ్ మార్నింగ్‌లాగా వాడేవాళ్లం. బడ్జెట్ పుస్తకాల్లో ఐటీఐల పద్దు 2230-03-101. కార్మిక, ఉపాధి, నైపుణ్యాభివృద్ధి కింద శిక్షణ, అందులో ఐటీఐలు. మీ కాగితం మీద ఈ నంబరు కనబడితే చదివే ఆఫీసరు కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంటాడు.

టైము కూడా ముఖ్యం. రాష్ట్ర బడ్జెట్ అసెంబ్లీకి మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. శాఖలు తమ అంచనాలు ఆర్థిక శాఖకు పంపేది అంతకు కొన్ని నెలల ముందు. బడ్జెట్ పాసయ్యాక వెళ్తే "వచ్చే ఏడు చూద్దాం" అంటారు. మీ ఉత్తరం దసరా తర్వాత రాశారు, సరైన సమయమే. సంక్రాంతి దాకా ఆగకండి.

ఎవరికివ్వాలంటే, సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్‌లో, అంటే ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, ఒకటి ఇచ్చి నంబరు తీసుకోండి. ఉపాధి, శిక్షణ శాఖ డైరెక్టర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి పంపండి. ఎమ్మెల్యే గారికి ఇచ్చేటప్పుడు అర్జీతో పాటు ఒక ప్రశ్న రాసి ఇవ్వండి, అసెంబ్లీలో అడగడానికి తయారుగా. "రాష్ట్రంలోని ప్రభుత్వ ఐటీఐల్లో ఏటీవో పోస్టుల ఖాళీలెన్ని, ట్రేడులవారీగా ముడిసరుకుకు కేటాయించిన మొత్తమెంత, విడుదల చేసిన మొత్తమెంత?" అంతే. ఎమ్మెల్యేలకు అడగాలని ఉండక కాదు, ఏం అడగాలో ఎవరూ రాసివ్వరు. పట్టభద్రుల ఎమ్మెల్సీకి కూడా ఒక కాపీ పంపండి.

మీ జిల్లాకు ఉన్న బలం ఫ్యాక్టరీలు. పరవాడ, అచ్యుతాపురంలో మీ పాత సహోద్యోగుల పిల్లలెవరో మెయింటెనెన్స్‌లోనో హెచ్‌ఆర్‌లోనో ఉండే ఉంటారు. రెండు మూడు కంపెనీల నుంచి లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు తెచ్చుకోండి: పోయిన ఏడాది ఎంతమంది వెల్డర్లను తీసుకున్నారు, అందులో బయటి రాష్ట్రాలవాళ్లు ఎంతమంది, స్థానికంగా శిక్షణ పొందినవాళ్లుంటే తీసుకుంటారా. అలాగే అప్రెంటిస్‌ల సంగతీ కదపండి. 30 మంది, అంతకు పైన పనిచేసే సంస్థ ఏదైనా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం. వాళ్ల స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలు మించకుండా కేంద్రం భరిస్తుంది. మీ ఐటీఐ పిల్లలకు అప్రెంటిస్ సీట్లిస్తామని ఏ కంపెనీ అయినా కాగితం మీద రాసిస్తే, అర్జీకి దాన్ని మించిన జత లేదు.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. నేనైతే ఇలా మొదలుపెడతాను: "అయ్యా, మా పట్టణంలోని ప్రభుత్వ ఐటీఐ వెల్డర్ ట్రేడ్‌లో 20 మంది చదువుతున్నారు. ఈ ఏడాది వచ్చిన రాడ్లు దసరా నాటికి అయిపోయాయి. సిలబస్ ప్రకారం ఏడాదికి కావలసిన ముడిసరుకు ఖర్చు ఇంత, ఈ ఏడాది వచ్చింది ఇంత. తేడా ఇంత. ఈ తేడాను వచ్చే బడ్జెట్‌లో 2230-03-101 పద్దు కింద కేటాయించి, మొదటి మూడు నెలల్లోనే విడుదల చేయాలని, ఖాళీగా ఉన్న ఏటీవో పోస్టు భర్తీ చేయాలని కోరుతున్నాం." విషయం ఇంతే. కింద సంతకాలు, ప్రతి సంతకం పక్కన ఏ ట్రేడు, ఏ సంవత్సరం బ్యాచ్, ఎక్కడ పనిచేశారు అని రాయించండి. షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్, రైల్వే అని ఆ వరసలో కనబడుతుంటే, ఈ చదువుకు పెట్టిన డబ్బు ఏమైందో వేరే చెప్పక్కర్లేదు. మీ అల్లుడికి కూడా ఆ సంతకాల కాగితమే చూపించండి.

చందా మాట. వద్దనను గానీ, రాడ్లకు మాత్రం ఇవ్వకండి. ఒక ఏడాది మీరిస్తే, రెండో ఏడు ఇండెంట్ కోసేవాడికి "ఊళ్లోవాళ్లు చూసుకుంటున్నారుగా" అనే సాకు దొరుకుతుంది. పదిహేను మందిలో పదిమంది మూడో ఏటికి జారిపోతారు, నేను చూశాను. ఆగిపోయిన రెండు మెషిన్లు రిపేరు చేయించడానికి ఇవ్వండి. మీలో ఎవరో ఒకరికి ఆ పని చేతనవుతుంది కూడా. ఏం ఇచ్చినా స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, కాపీ తీసుకోండి.

షీల్డుల సంగతి మాత్రం వేరు. దానికి అర్జీ, బడ్జెట్, రిలీజ్ ఏవీ చూడకండి. 20 మందికి రెండే అన్నారు. మిగతా 18 మంది చేయి అడ్డం పెట్టుకుని ఆ వెలుగు చూస్తున్నారు. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుండి నిద్ర పట్టక ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ వారమే 18 షీల్డులు, నల్ల అద్దాలతో సహా కొని ఇచ్చేయండి. అవి వచ్చేదాకా మెషిన్ దగ్గర నిలబడొద్దని మనవడికి గట్టిగా చెప్పండి.